ఎడమచేతి కుట్టు

"ఈ కుట్టు నీదా, కాదా? ముందు అది చెప్పమ్మా."

మేస్త్రి కుర్చీని బోర్లా తిరగేసి, సీటు అడుగున ఒకవైపు కుట్టు విప్పి, లోపలివన్నీ నేలమీద కుమ్మరించాడు. స్పాంజి ముక్కల మధ్య చాక్లెట్ కాగితాలు, బిస్కెట్ పొట్లాల తొడుగులు, ఉండ చుట్టి నొక్కిన రొట్టె కవర్లు. వాటి మీద చీమలు ఇంకా బారులు తీరే ఉన్నాయి.

అత్తగారు పీట మీద కూర్చుని ఆ కుట్టు వంకే చూస్తున్నారు. అంతగా చూడాల్సిన పని లేదు. ఆవిడది ఎడమచేతి వాటం. దబ్బనం ఎటునుంచి దించినా ఆవిడ కుట్టు ఎడమవైపుకే ఒరుగుతుంది. ఈ వీధిలో సోఫాలు బాగుచేసే కొట్టు ఇదొక్కటే. ఈ కొట్టులో ఎడమచేత్తో కుట్టేది ఆవిడొక్కరే.

"నాదే," అన్నారు.

"మరి నువ్వు చూడకుండా ఇవి ఇందులోకి ఎలా వచ్చాయి?"

గుమ్మం దగ్గర నిలబడ్డ కోడలు పిచ్చుక ఏడో నెల కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని తలుపుకి ఆనుకుంది.

పిచ్చుక అంటే మేస్త్రి భార్య. పెళ్ళయిన కొత్తలో కంచంలో నాలుగు మెతుకులు కెలికి లేచిపోతోందని మొగుడు పెట్టిన పేరు అది. ఇంట్లోనూ వీధిలోనూ అదే ఖాయమైపోయింది. అందరి ఎదుటా ఇప్పటికీ ఆమె అంతే తింటుంది. ఎవరూ లేనప్పుడు మాత్రం ఆ చేతులూ ఆ నోరూ ఇంకెవరివో అయిపోతాయి. నేలమీద పడున్న కాగితాల్లో ఏది ఏ రోజుదో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

చెప్పు, అనుకుంది. ఇప్పుడే చెప్పు. ఆవిడ నోరు విప్పకముందే చెప్పు.

అత్తగారే ముందు విప్పారు.

"నేనే పెట్టాను."

మేస్త్రి అరుస్తాడేమో అనుకుంది పిచ్చుక. అరవలేదు. అరిచినా బాగుండేది.

"పెట్టావా? తిన్నావా?"

"తినే పెట్టాను."

"రోజూ పొట్టలో షుగరు సూది గుచ్చుకుంటూ, ఇన్ని తిన్నావా?"

"నోరు ఊరుకోలేదురా."

"చెంప వాచిపోయి పళ్ళ డాక్టరు దగ్గరికి ఎవరో వచ్చాడట. పాపం, ఈ కుర్చీలో కూర్చున్నాడట. కూర్చున్న పళంగా ఎగిరి గెంతాడట. పంటి నొప్పి సంగతి మర్చిపోయి, వెనకాల గోక్కుంటూ ఇంటికి పోయాడట. చాక్లెట్లు తినొద్దని నేను పొద్దస్తమానం మొత్తుకుంటుంటే నువ్వు నా కుర్చీలోనే దాచిపెట్టావేంటయ్యా అన్నాడు డాక్టరు. నేనేం చెప్పాలి? మా అమ్మ దాచుకుందండీ అని చెప్పాలా?"

ఇలాంటి కబురు ఇంకెవరింట్లోనైనా జరిగి ఉంటే, విని పడీపడీ నవ్వేది ముందు అత్తగారే. ఇప్పుడు ఆవిడ చీర కుచ్చిళ్ళ మీద అంటుకున్న దారప్పోగుల్ని ఒక్కొక్కటే ఏరుతున్నారు.

"డాక్టరుగారి రెండో కుర్చీ నువ్వు అక్కవాళ్ళింట్లో ఉన్నప్పుడు కుట్టింది కాబట్టి బతికిపోయాను," అన్నాడు మేస్త్రి. "రేపు అదైనా శుభ్రంగా ఇచ్చి మొహం చూపించుకోవచ్చు."

రెండో కుర్చీ మూలన పాత దుప్పటి కప్పుకుని ఉంది. అత్తగారు ఊళ్ళో లేని ఆ వారం దాని చివరి కుట్టు వేసింది పిచ్చుక. ఆమె అటువైపు కన్నెత్తి చూడలేదు.

మేస్త్రి ఫోను తీసి అక్కకి చేశాడు. తల్లి ఎదుటే, ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పాడు.

"సాయంత్రం వచ్చి అమ్మని తీసుకెళ్ళక్కా. బిడ్డ పుట్టి ఇల్లు ఒక దారిన పడేదాకా నీ దగ్గరే ఉండనీ. నేను పనిలో ఉంటాను, పిచ్చుక చూస్తే కడుపుతో ఉంది. అమ్మకి కాపలా ఎవరు కాస్తారిక్కడ?"

అత్తగారు తల ఎత్తారు. తిట్లకి సిద్ధపడే ఒప్పుకున్నారు ఆవిడ. ఈ మాటకి సిద్ధపడలేదని మొహంలోనే తెలిసిపోతోంది.

"కానుపు దాకా ఉండనీరా," అన్నారు. "అక్క రెండు కానుపులకీ నేను ఈ కొట్టు వదిలి పోలేకపోయాను. పిల్లలు నడిచేటప్పుడు చూశాను. ఇదొక్కటీ..."

"కానుపు రోజు కబురు చేస్తాలే."

గోడవారగా, బిడ్డ కోసం ఆవిడ కుడుతున్న చిన్న పరుపు ఉంది. మెత్తటి దూది వెతికి వెతికి తెచ్చి, గింజన్నది లేకుండా ఏరి నింపారు. మూడు వైపులా కుట్టయింది. నాలుగో వైపు ఇంకా తెరిచే ఉంది.



*

వంటింటి అల్మారాకి తాళం పడుతోంది. సోఫాల మేస్త్రికి మేకులకీ గొళ్ళేలకీ కరువా? పెద్ద పెట్టెలకి వేసే గొళ్ళెం ఒకటి వెతికి తెచ్చి బిగిస్తున్నాడు. ఆ సుత్తి చప్పుడు వినపడుతున్నంతసేపూ కొట్లో ఆడవాళ్ళిద్దరూ మాట్లాడుకోవచ్చు.

"ఎందుకు ఒప్పుకున్నారత్తయ్యా?"

"మరెవరు ఒప్పుకోవాలి?"

పిచ్చుక తల వంచుకుంది. అత్తగారు చీపురుతో కాగితాల్ని ఒక పక్కకి ఊడుస్తున్నారు. తను తిన్నవి ఆవిడ ఊడవడం చూడలేక చీపురు అందుకోబోయింది. ఆవిడ ఇవ్వలేదు.

"వంగకు. అడ్డంగా నలుగుతుంది లోపలి పిల్ల." చీపురు ఆపి గొంతు తగ్గించారు. "కుట్టేటప్పుడు నా చేతికి గరగరమని తగల్లేదనుకున్నావా? దబ్బనం దిగగానే తెలిసింది. విప్పి చూశాను. మళ్ళీ మూసి కుట్టేశాను."

పిచ్చుక స్పాంజి మూట మీద కూలబడింది.

"మీకు తెలుసా?"

"తెలీకపోతే ఈ జుట్టు ఊరికే నెరిసిందా?"

"అప్పుడే నన్ను అడగాల్సింది."

"అడిగితే సిగ్గుపడి చస్తావు. కడుపుతో ఉన్న పిల్లకి ఏదో ఒకటి తినాలని పీకుతూ ఉంటుంది. వీడు కడుపులో ఉండగా నేను గోడ సున్నం గోకి తిన్నాను, తెలుసా? వెల్ల వేసినవాడిది పని బాగాలేదని మా అత్త వాడితో పోట్లాటకి దిగింది. నేను పక్కనే నిలబడి అవునవునన్నాను." ఆవిడ మొహంలో కాస్త నవ్వు మెరిసింది. "కానుపవగానే అదే పోతుంది. నీదీ అంతే."

"ఇది అది కాదత్తయ్యా."

"మరేంటి?"

సుత్తి టకటకమంటోంది. ఇంకా సమయం ఉంది. పిచ్చుక మాట కోసం వెతుక్కుంది.

ఇది కడుపుతో వచ్చింది కాదు. స్కూల్లో చదువుకునే రోజుల్లో మొదలైంది. పెళ్ళయ్యాక కొన్నాళ్ళు అణిగింది, పోయిందనే అనుకుంది. వేవిళ్ళు తగ్గిన నెలలో తలుపు తోసుకుని మళ్ళీ వచ్చేసింది. ఆకలితో మొదలవదు, కడుపు నిండితే ఆగదు. మొదటి బిస్కెట్ రుచి తెలుస్తుంది, ఆ తర్వాత రుచి కూడా తెలీదు. ఒకటి నోట్లో ఉండగానే చెయ్యి ఇంకోదాని మీద ఉంటుంది. ఊపిరి ఆడనంతగా తిన్నాక, అప్పుడు స్పృహ వస్తుంది. స్పృహతోపాటే కడుపులో బిడ్డ కదులుతుంది. ఆ కదలికని మించిన శిక్ష ఆమెకి ఇంకోటి లేదు. నీకేం పెట్టానే, ఏం చేశానే నిన్ను, అని ఎన్నిసార్లు ఏడ్చిందో. షుగరు పరీక్ష చేయించుకు రమ్మని కానుపుల డాక్టరు చెప్పి చాలా రోజులైంది. మర్చిపోయానని ఒకసారి, ఒంట్లో బాగాలేదని ఇంకోసారి దాటేసింది. బరువు చూసిన నర్సు, ఒళ్ళు బాగా చేశావమ్మా అని మెచ్చుకుంది కూడా.

ఇదంతా ఏ మాటతో మొదలుపెట్టాలి? గోడ సున్నం తిన్న మనిషి దీన్నీ కడుపుతో వచ్చే కోరికే అనుకుని ముచ్చట పడిపోతుంది. ఆ ముచ్చట దగ్గరే పిచ్చుక నోరు మూతపడుతోంది.

"మిమ్మల్ని పంపించేస్తున్నారు కదా," అంది చివరికి. "నేనే అని ఆయనకి చెప్పేస్తాను."

"చెప్పి? వాడి సంగతి నీకు తెలీదా? తిట్టడు. మూతి ముడుచుకుని నాలుగు రోజులు అన్నం మానేస్తాడు. ఈ నెలల్లో నీకు అది మంచిది కాదు. ముసలిదాన్ని, తిట్లు నాకు ఒంటబట్టవు." చీపురు మూలన ఆనించారు. "పుట్టాక కాకపోతే నడిచాక చూస్తాను. అలవాటే కదా."

సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"ఇది అది కాదన్నావు. ఏంటది?" అన్నారు అత్తగారు.

"ఏం లేదులెండి," అంది పిచ్చుక.

*

మధ్యాహ్నం భోజనాలకి ముందు, ఎప్పటిలాగే అత్తగారు పక్కగదిలోకి వెళ్ళి ఇంజెక్షను చేసుకుని వచ్చి కూర్చున్నారు. మేస్త్రి తల్లి కంచం తనవైపు లాక్కుని, అందులో అన్నం సగానికి సగం తీసేశాడు.

"దొంగతిండి లోపల బోలెడంత ఉంది. ఇది చాలు."

ఇంజెక్షను ఎప్పటి మోతాదులోనే పడింది. అన్నం మాత్రం సగమైంది. ఇది పొరపాటని ఆ గదిలో తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు అబద్ధం చెప్పిన మనిషి, తన కంచం నింపమని అడగడానికి మొహం చెల్లక తలొంచుకుని తింటున్నారు. ఇంకొకరు ఆ అబద్ధం నీడన కూర్చున్న మనిషి.

"ఇంకాస్త పెట్టండి అత్తయ్యకి," అంది పిచ్చుక.

"నువ్వు ముందు నీ కంచం చూసుకో. రెండు మెతుకులు కెలుకుతున్నావు." మేస్త్రి గొంతు మెత్తబడింది. "నీకోసం పాలు, పళ్ళు, ఉడికించిన గుడ్లు బల్ల మీద పెట్టాను. ఇద్దరి తిండి తినాల్సినదానివి పిచ్చుకా."

"అల్మారా తాళంచెవి నాకిచ్చి వెళ్ళండి."

అడిగాక తనకే సిగ్గేసింది. అత్తగారి కోసం అడిగినట్టు ఉంది మాట. అడిగింది అందుకు కాదు.

"నీ దగ్గరుంటే అమ్మ మొహం చూసి ఇచ్చేస్తావు. నీది మెత్తని మనసు." చెవి చొక్కా జేబులో వేసుకుని లేచాడు. పళ్ళ డాక్టరు కాళ్ళావేళ్ళా పడి, అటునుంచటే అక్కని తీసుకుని వస్తానని వెళ్ళిపోయాడు.

అత్తగారు పిల్ల పరుపు ఒళ్ళో పెట్టుకుని నాలుగో వైపు కుట్టడానికి కూర్చున్నారు. వెళ్ళేలోపు పూర్తి చేసేయాలట. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

నిశ్శబ్దమంటే పిచ్చుకకి భయం. చేతులు అప్పుడే ఇంకెవరివో అవుతాయి.

ముందు పాలు తాగింది. పర్వాలేదు, పాలు బిడ్డకి మంచిదే. తర్వాత ఒక పండు, దాని వెనకే ఇంకోటి. గుడ్లు అయిపోయాయి. కంచంలో మిగిలిన అన్నం, గిన్నెలో అడుగంటిన కూర, అన్నీ నిలబడే తినేసింది. అల్మారా ముందుకి వెళ్ళి గొళ్ళెం లాగి చూసింది. మేస్త్రి పనితనం, వేలంత కూడా కదల్లేదు. తాళం చూసిన కొద్దీ లోపల పీకుడు ఎక్కువైంది. మిమ్మల్ని పంపించేస్తున్నారు కదా అన్న తన మాట తనకే చెవుల్లో మోగుతోంది. అది వినపడకుండా పోవాలి. దానికి తనకి తెలిసిన దారి ఒక్కటే.

ఆమె కాళ్ళు అత్తగారి గదిలోకి నడిచాయి.

మంచం తలవైపు చిన్న అలమరలో తగరపు డబ్బా ఒకటి ఉంటుంది. లోపల గ్లూకోజు బిళ్ళలు. షుగరు ఉన్నట్టుండి పడిపోయి కళ్ళు తిరిగితే వెంటనే నోట్లో వేసుకోవడానికి డాక్టరు పెట్టించినవి. ఆ ఇంట్లో ఆ డబ్బాని ఎవరూ ముట్టుకోరు. అక్క పిల్లలు వచ్చినప్పుడు కూడా, అది మందురా అని ముందే చెప్పి పెడతారు.

ఒక్కటే, అనుకుంది పిచ్చుక.

మళ్ళీ స్పృహ వచ్చేసరికి అత్తగారి మంచం అంచున కూర్చుని ఉంది. నాలుక మీద పిండిలాంటి తీపి. ఒళ్ళో ఖాళీ డబ్బా. మూత ఎప్పుడు తీసిందో కూడా గుర్తు లేదు. కడుపులో బిడ్డ మెల్లగా ఒక పక్కనుంచి ఇంకో పక్కకి జరిగింది.

డబ్బాకి మూతపెట్టి, ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టింది. సాయంత్రం వీధి చివర మందుల కొట్టులో కొని నింపేయాలి. ఎవరికీ తెలీదు. చీరకొంగుతో మూతి తుడుచుకుంటూ, ఇంతకన్నా దిగజారడానికి ఇంకేం లేదనుకుంది.

*

"అమ్మాయ్."

ఆ పిలుపులో ఏదో తేడా ఉంది. పిచ్చుక కొట్లోకి వచ్చేసరికి అత్తగారి నుదుటి మీద చెమట ముత్యాల్లా పట్టేసి ఉంది. దబ్బనం పట్టుకున్న ఎడమచెయ్యి వణుకుతోంది. కుట్టు తిన్నగా పడడంలేదు, వంకరటింకరగా పరుపంతా తిరుగుతోంది.

"డబ్బా," అన్నారు ఆవిడ. "డబ్బా తీసుకురా తల్లీ."

పిచ్చుక కదల్లేదు. ఏ మనిషికీ అలాంటి క్షణం రాకూడదు.

"త్వరగా."

గదిలోకి పరుగెత్తింది. ఖాళీ డబ్బా అని తెలిసి కూడా తెరిచి చూసింది. అడుగున తెల్లటి పొడి, అంతే. తిరిగొచ్చి, చేతులు ఖాళీగా, అత్తగారి ముందు నిలబడింది.

"బిళ్ళలు లేవు అత్తయ్యా. ఖాళీగా ఉంది."

"ఖాళీయా?" ఆవిడ మాట ముద్దముద్దగా వచ్చింది. "నింపానే. మర్చిపోయానేమో. ముసలితనం." కళ్ళు మూతలు పడుతున్నాయి.

బల్ల మీద పళ్ళు లేవు, పాలు లేవు. అన్నీ తన కడుపులోనే ఉన్నాయి. పంచదార తాళం వెనక ఉంది. తాళంచెవి పళ్ళ డాక్టరు గదిలో మొగుడి జేబులో ఉంది.

మేకులు పీకే సుత్తి గోడకి వేలాడుతోంది. పిచ్చుక దాన్ని లాక్కుని వంటింట్లోకి వెళ్ళి, గొళ్ళెం కింద దాని కొక్కెం దూర్చి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వెనక్కి లాగింది. మేస్త్రి బిగించిన మేకు అంత తేలిగ్గా ఊడి వస్తుందా? రెండోసారి లాగినప్పుడు నడుములో కలుక్కుమంది. మూడోసారికి చెక్క పగిలి గొళ్ళెంతోపాటు ఊడొచ్చింది.

గ్లాసులో పంచదార వేసి, కొన్ని నీళ్ళు పోసి గిరగిరా కలిపి, అత్తగారి తల తన భుజానికి ఆనించుకుని, కొంచెం కొంచెంగా తాగించింది. సగం ఆవిడ గెడ్డం మీదుగా మెడ మీదికి కారింది. "మింగండి. ఇంకొక్క గుక్క. నా తల్లి కదూ, మింగండి." ఎవరిని బతిమాలుతోందో ఆమెకే తెలీలేదు.

కొంతసేపటికి ఆవిడ వణుకు తగ్గింది. ఇంకొంతసేపటికి కళ్ళు తెరిచి, కోడల్ని పోల్చుకుని, ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"బతికించావే," అన్నారు.

పిచ్చుక ఆ మాట భరించలేక మొహం తిప్పుకుంది.

*

మేస్త్రి, అతని అక్క వచ్చేసరికి వాళ్ళిద్దరూ ఇంకా కొట్లో నేలమీదే, అలాగే చేతిలో చెయ్యేసుకుని కూర్చుని ఉన్నారు. మేస్త్రి వంటింట్లోకి వెళ్ళి పగిలిన అల్మారా చూశాడు. బయటికొచ్చి తల్లి మూతి చుట్టూ, మెడ మీద ఎండిన పంచదార మరకలు చూశాడు.

"తాళం కూడా పగలగొట్టావా అమ్మా," అన్నాడు. కోపం కూడా అయిపోయినట్టుంది ఆ గొంతులో. "అక్కా, నేను చెప్తే నమ్మలేదు కదా. చూడు."

"అమ్మా, ఏంటే ఇది," అంది ఆడపడుచు. చేతిలో ఖాళీ సంచి ఉంది, తల్లి బట్టలు సర్దడానికి తెచ్చింది.

"పగలగొట్టింది నేను," అంది పిచ్చుక. "అత్తయ్యకి షుగరు పడిపోయింది. సగం అన్నం పెట్టారు మీరు. చనిపోయేవారు."

మేస్త్రి మొహం పాలిపోయింది. తల్లి వంక చూసి, తనకి తనే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "అందుకే అక్క దగ్గర ఉంటే మంచిదంటున్నాను. అక్క చూసుకుంటుంది. ఈ తిండి గొడవ ఇక్కడ..."

"ఆ కాగితాలు అత్తయ్యవి కావు. నావి."

ఆడపడుచు పిచ్చుకని కింద నుంచి పైదాకా చూసి, జాలిగా నవ్వింది.

"నీ మొహం. నువ్వెక్కడ తిన్నావు? పిచ్చుక అంత తింటుందా?"

"నన్ను వెనకేసుకొస్తోంది," అన్నారు అత్తగారు నీరసంగా. చేతిలో చెయ్యి గట్టిగా నొక్కారు, ఊరుకోమన్నట్టు. "దాని మాటలు పట్టించుకోకండి. సంచి తే, సర్దుకుందాం."

ఇక్కడితో ఆగిపోవచ్చు. చెప్పాను, నమ్మలేదు, నేనేం చెయ్యను అనుకోవచ్చు. రేపట్నుంచి ఇల్లు మరింత నిశ్శబ్దంగా ఉంటుంది. పిచ్చుకకి ఆ నిశ్శబ్దం కళ్ళముందు కనపడింది.

అత్తగారి చెయ్యి మెల్లగా విడిపించుకుని లేచింది. మూలన రెండో కుర్చీ మీద దుప్పటి తీసేసింది. గోడకున్న పెద్ద కత్తెర అందుకుంది.

"అది రేపు ఇవ్వాల్సింది," అన్నాడు మేస్త్రి కంగారుగా.

"ఇది కుట్టిన వారం అత్తయ్య ఎక్కడున్నారు?"

"అక్కవాళ్ళింట్లో. అయితే?"

"చివరి కుట్టు ఎవరు వేశారు?"

"నువ్వు. కుడివైపుకి ఒరిగింది, కనపడుతూనే ఉంది కదా. ఇప్పుడదంతా ఎందుకు?"

పిచ్చుక కుర్చీని పక్కకి ఒరిగించి, సీటు అడుగున కత్తెర మొన గుచ్చి, తన కుట్టు ఈ చివర్నుంచి ఆ చివరికి కోసేసింది. చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు బయటికి తీసింది. ఇంకో గుప్పెడు. చాక్లెట్ కాగితాలు, కేకుల అట్టలు, నలిపిన కవర్లు. తీస్తున్న కొద్దీ వస్తూనే ఉన్నాయి.

మేస్త్రి కింద కూర్చుండిపోయాడు. ఒక కాగితం తీసి రెండువైపులా తిప్పి చూశాడు. అప్పుడు అతని చూపు పొద్దున విప్పి పడేసిన మొదటి కుర్చీ మీదికి, ఎడమవైపుకి ఒరిగిన దాని కుట్టు మీదికి వెళ్ళింది. అక్కణ్ణుంచి తల్లి మీదికి.

"నీకు ముందే తెలుసు," అన్నాడు.

అత్తగారు ఆ కుట్టు మీంచి చూపు తిప్పుకున్నారు.

"ఇవన్నీ నువ్వే తిన్నావా?" అన్నాడు పెళ్ళాంతో. "ఆకలేస్తే నన్ను అడగొచ్చు కదా పిచ్చుకా. నేను కాదంటానా? ఏం కావాలంటే అది తెచ్చేవాణ్ణి కదా."

"ఆకలి కాదండీ."

"మరేంటి?"

పొద్దున అత్తగారు అడిగిందీ ఇదే మాట. పొద్దున సుత్తి ఆగిపోగానే తనూ ఆగిపోయింది.

"మొదలుపెడితే ఆపలేను. ఎందుకో నాకు తెలీదు. ఏదో జబ్బులా ఉంది. మా డాక్టరు పరీక్ష చేయించుకోమంటే భయమేసి చేయించుకోలేదు. బిడ్డకి ఏం చేసిపెట్టానో అని భయం. తాళాలు వేసినా లాభం లేదు." ఇక్కడ ఆగినా ఈ పూటకి సరిపోతుంది. అత్తగారు మళ్ళీ చెయ్యి చాపి ఆమె చేతిని తన చేతిలోకి తీసుకున్నారు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, జిగటగా ఉంది పంచదారతో. ఆ వెచ్చదనాన్ని దొంగిలించుకుని బతకడం ఇక తనవల్ల కాదనిపించింది పిచ్చుకకి.

"అత్తయ్యా, డబ్బా మీరు నింపారు. మర్చిపోలేదు."

"ఏ డబ్బా?"

"ఇవాళ మధ్యాహ్నం, మీరు ఇక్కడ పరుపు కుడుతుండగా, మీ గదిలో కూర్చుని అందులోవన్నీ నేనే తినేశాను. మీరు అడిగినప్పుడు నాకు తెలుసు అవి లేవని. అయినా వెళ్ళి వెతికినట్టు నటించాను."

ఆడపడుచు, అయ్యో అన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి కాగితం అలాగే పట్టుకుని ఉన్నాడు.

అత్తగారు చాలాసేపు కోడలి మొహంలోకి చూశారు. కోపం ఉంటే తట్టుకునేది పిచ్చుక. కోపం లేదు. చావుని దగ్గరగా చూసొచ్చిన మనిషి భయం ఉంది ఆ కళ్ళలో, ఆ భయం ఇప్పుడు తనని చూస్తోంది.

కాగితాల్ని మూసి కుట్టిన చెయ్యి, నిందని నెత్తిన వేసుకున్న చెయ్యి, పిచ్చుక చేతిలోంచి మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది.

"అత్తయ్యా."

ఆవిడ గోడ పట్టుకుని లేచారు. కొడుకు పట్టుకోబోతే వద్దన్నారు. ఒళ్ళోంచి జారిన పరుపుని తీసి, వంకర కుట్టుతో, సగం తెరుచుకున్న నాలుగో వైపుతో, పిచ్చుక పక్కన నేలమీద పెట్టారు.

"నా బట్టలు సర్దమ్మా," అన్నారు కూతురితో. "చీకటి పడకముందే వెళ్దాం."